అరవై నాలుగు గడుల లెక్క

భాషకు అక్షరం ఎంత ముఖ్యమో శాస్త్రానికి అంకె అంత ముఖ్యం. అయితే మన పూర్వులు ఈ రెండింటిని వేరువేరు గదులలో ఉంచలేదు. గణితాన్ని పద్యంలో చెప్పారు. పద్యలక్షణాన్ని గణితంతో నిర్ణయించారు. ఈ రెండు విద్యల కలయికకు చక్కని నిదర్శనం ఒక పెద్ద సంఖ్య. అందులో ఇరవై అంకెలున్నాయి. దానిని తెలుగు కవి ఒకడు చంపకమాలలో పొదిగాడు. చదరంగపు బల్లపై పుట్టిన ఆ సంఖ్య నేడు కంప్యూటరు లోపల పనిచేస్తున్నది. దాని స్వభావాన్ని తెలుసుకొంటే నిత్యజీవితంలోని కొన్ని చిక్కులు కూడా తేటపడతాయి.

చదరంగాన్ని కనిపెట్టిన పండితుని కథ లోకప్రసిద్ధం. ఆట చూసి ముగ్ధుడైన రాజు వరం కోరుకొమ్మన్నాడు. పండితుడు మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు చొప్పున, ప్రతి గడికి రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గడులూ నింపి ఇమ్మన్నాడు. కోరిక అల్పమని రాజు నవ్వాడు. లెక్క పూర్తయ్యేసరికి రాజ్యంలోని ధాన్యాగారాలన్నీ చాలవని తేలింది. ఈ కథను 13వ శతాబ్దికి చెందిన అరబ్బీ రచయిత ఇబ్న్ ఖల్లికాన్ గ్రంథస్థం చేశాడు. అంతకుముందే, సుమారు క్రీ.శ. 1000 నాటికి, అల్ బిరూనీ అనే మహాపండితుడు ఈ మొత్తాన్ని గణించి చెప్పాడు.

గోధుమలకూ వడ్లకూ బదులు ఇదే లెక్కను శ్రీకాకుళం జిల్లాకు సుపరిచితమైన జీడిపప్పుతో చేసి చూడవచ్చును. పలాస-కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమకు పెట్టింది పేరు. ఉద్దానం తోటల నుండి వచ్చిన జీడిపిక్కలను అక్కడ కాల్చి లేదా ఉడికించి, పెంకు తీసి, ఆరబెట్టి, పొట్టు వలిచి, పరిమాణాన్ని బట్టి తరగతులుగా విడదీస్తారు. డబ్బాపై కనిపించే డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అనే గుర్తులు వట్టి పేర్లు కావు. ఒక పౌను బరువుకు ఎన్ని గుండుపప్పులు తూగుతాయో ఆ సంఖ్యలు తెలుపుతాయి. డబ్ల్యూ 320 అంటే సుమారు 454 గ్రాములకు 300 నుండి 320 వరకు పప్పులు. సంఖ్య పెరిగిన కొద్దీ పప్పు చిన్నదవుతుంది. పరిశ్రమలో పప్పు ఏరే స్త్రీ చూపుతోనే ఈ భేదాన్ని గుర్తిస్తుంది.

టెక్కలి ప్రాంతం గ్రానైటుకు ప్రసిద్ధి. ఆ నల్లనీలి రాతి పలకపై ఎనిమిది వరుసల చదరంగం గీసి, పౌనుకు 320 తూగే పప్పును గడులలో పోస్తున్నట్లు భావించుకోవాలి. మొదటి వరుస ముగిసేసరికి 255 పప్పులవుతాయి. ఒక పౌను కూడా నిండదు. రెండవ వరుస పూర్తయితే 65,535 పప్పులు, అనగా సుమారు 93 కిలోలు. ఇంతవరకు రాజు నవ్వుతూనే ఉండవచ్చు. మూడవ వరుస చివరకు మొత్తం దాదాపు 24 టన్నులు. నాలుగవ వరుస చివరకు ఆరు వేల టన్నులకు పైబడుతుంది. ఐదవ వరుసతో పదిహేను లక్షల టన్నులు దాటుతుంది. ఆరవ వరుస నిండకముందే ప్రపంచమంతటా ఒక ఏడాదికి పండే జీడిపంట చెల్లిపోతుంది. బల్లపై ఇంకా రెండు వరుసలు ఖాళీగానే ఉంటాయి.

ఒక్కొక్క వరుస దాటినప్పుడల్లా గడిలోని రాశి 256 రెట్లవుతున్నది. ఎనిమిది సార్లు రెట్టించడమంటే 256తో గుణించడమే. అరవై నాలుగు గడులూ నిండితే ఆ పప్పు బరువు సుమారు 26 లక్షల కోట్ల టన్నులు. లారీకి పది టన్నుల చొప్పున ఎత్తి, పలాస దగ్గర జాతీయ రహదారిపై ఒకదాని వెనుక ఒకటి నిలిపితే, లారీకి పది మీటర్ల చోటు చొప్పున ఆ వరుస 2,600 కోట్ల కిలోమీటర్ల పొడవుంటుంది. భూమి నుండి సూర్యుని వరకు ఉన్న దూరానికి అది 170 రెట్లకు పైబడిన దూరం.

ఆ మొత్తం పప్పుల సంఖ్య ఇది: 18446744073709551615. మన లెక్కింపు పద్ధతిలో చదివితే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్లు, తొంభై ఐదు లక్షల యాభై ఒక వేయి ఆరు వందల పదిహేను. క్షణానికి ఒకటి చొప్పున లెక్కిస్తే ఇది పూర్తి కావడానికి సుమారు 58 వేల కోట్ల సంవత్సరాలు పడుతుంది. విశ్వం వయస్సు దాదాపు 1,380 కోట్ల సంవత్సరాలేనని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

ఈ సంఖ్యను తెలుగులో చెప్పిన కవి పావులూరి మల్లన. అతడు క్రీ.శ. 11వ శతాబ్ది వాడని, రాజరాజనరేంద్రుని కాలం వాడని సాహిత్య చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో 'గణితసారసంగ్రహం' రచించాడు. అందులో ఒకట్లు, పదులు, వందలు మొదలుకొని 'మహాక్షోభం' వరకు ఇరవై నాలుగు స్థానాలకు పేర్లున్నాయి. దానిని మల్లన తెలుగు పద్యాలలో అనువదించాడు. భారతాంధ్రీకరణం ఆరంభమైన కాలంలోనే గణితశాస్త్రం కూడా తెలుగు పలుకు నేర్చిందన్నమాట. చదరంగపు గడుల మొత్తాన్ని తెలిపే చంపకమాల మల్లన పేరనే ప్రసిద్ధమైనది.

ఇరవై అంకెలను పద్యంలో ఇమడ్చడం ఎట్లా? దీనికి భూతసంఖ్యా పద్ధతి తోడ్పడింది. ఈ పద్ధతిలో అంకెకు బదులు, ఆ సంఖ్యను స్ఫురింపజేసే వస్తువు పేరు వాడతారు. చంద్రుడు ఒక్కడే కాబట్టి చంద్రవాచకాలన్నీ ఒకటి. ఆకాశం శూన్యం కాబట్టి గగనం, వియత్తు అన్నవి సున్న. వేదాలు నాలుగు, మన్మథుని బాణాలు ఐదు, ఋతువులు ఆరు, పర్వతాలు ఏడు, దిగ్గజాలు ఎనిమిది, నిధులు తొమ్మిది. బ్రహ్మకు నాలుగు ముఖాలు కాబట్టి 'పద్మజాస్య' మన్నా నాలుగే. ఈ మాటలను ఒకట్ల స్థానం నుండి ఆరంభించి చెబుతారు. వ్రాసేటప్పుడు అంకెలు కుడి నుండి ఎడమకు నడుస్తాయి. అందువల్ల మల్లన పద్యంలో మొదటి మాట ఐదును, ఇరవయ్యవ మాట ఒకటిని సూచిస్తాయి.

ఈ పద్ధతి పండితుల గ్రంథాలకే పరిమితం కాలేదు. టెక్కలికి పడమటి దిక్కున, వంశధార ఒడ్డున శ్రీముఖలింగం ఉన్నది. తూర్పు గంగరాజుల రాజధాని అయిన కళింగనగరం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. గంగరాజుల తామ్రశాసనాలలో పట్టాభిషేక సంవత్సరాలను భూతసంఖ్యలతోనే తెలిపారు. వజ్రహస్తుని పట్టాభిషేకాన్ని ఆకాశం, ఋతువులు, నిధులు అనే అర్థం గల మాటలతో సూచించారు. సున్న, ఆరు, తొమ్మిది. కుడి నుండి ఎడమకు వ్రాస్తే శకవర్షం 960, అనగా క్రీ.శ. 1038. అనంతవర్మ చోడగంగదేవుని పట్టాభిషేకం శకవర్షం 999లో, క్రీ.శ. 1078లో జరిగింది. ఆ మూడు తొమ్మిదులను నందులు, రంధ్రాలు, గ్రహాలు అనే మూడు వేర్వేరు పేర్లతో చెప్పారు. వేంగిలో మల్లన తన గణితాన్ని వ్రాసిన శతాబ్దిలోనే కళింగంలో శాసనకవులు అదే పరిభాషను రాగిరేకులపై చెక్కించారు.

ఒకే అంకెకు అనేక పర్యాయపదాలుండడం కవికి గొప్ప సౌకర్యం. మల్లన పద్యం 'శర' అనే మాటతో మొదలవుతుంది, అది ఐదు. అదే పాదంలో మరొక చోట ఐదు చెప్పవలసి వచ్చినప్పుడు అతడు 'సాయక' అన్నాడు. అర్థం ఒక్కటే, బాణం. కాని ఆ 'సా' పాదంలో పదకొండవ అక్షరం. చంపకమాలకు యతిస్థానం అదే. మొదటి అక్షరమైన 'శ'కు 'సా'తో యతిమైత్రి కుదిరింది. లెక్క తప్పకుండా, లక్షణం తప్పకుండా మాట దొరికినదన్నమాట.

తాళపత్రాలపై వ్రాతలో పొరపాట్లు సహజం. అంకెలుగా వ్రాసిన సంఖ్యలో ఒక గీత చెరిగితే ఒకటి మరొకటిగా మారుతుంది. దానిని పట్టుకొనే దారి లేదు. పద్యంలో మాట మారితే గణమో, యతియో, ప్రాసయో చెడి, దోషం బయటపడే అవకాశం ఉన్నది. ఉదాహరణకు మొదటి 'శర'కు బదులు ఏడును సూచించే 'గిరి' చేరిందనుకొందాం. రెండూ రెండేసి లఘువులే కాబట్టి గణం చెడదు. రెండవ అక్షరం రేఫమే కాబట్టి ప్రాస చెడదు. కాని 'గి'కి 'సా'తో యతి కుదరదు. లక్షణం తెలిసిన పాఠకుడు అక్కడ ఆగి, ఇది కవి పాఠం కాదని గ్రహిస్తాడు. అయితే ఛందస్సు అన్ని తప్పులనూ పట్టలేదు. పాదం నడుమనున్న మరొక 'శర'కు బదులు 'గిరి' వచ్చినా పద్యం చక్కగానే నడుస్తుంది. అక్కడ సంఖ్య స్వభావమే కావలి కాయాలి.

ఆ స్వభావాన్ని ఇప్పుడు పరిశీలించాలి. మొదటి ధర్మం మొత్తానికి సంబంధించినది. ఒకటి, రెండు, నాలుగు కలిపితే ఏడు. తరువాతి గడిలో ఎనిమిది. ఎనిమిది కలిపితే పదిహేను. తరువాతి గడిలో పదహారు. ఏ గడిలోని రాశి అయినా దానికి ముందున్న గడులన్నింటి మొత్తం కంటే ఒకటి ఎక్కువ. కారణం తేలికగా తెలుసుకోవచ్చు. మొదటి గడిలో అదనంగా ఒక పప్పు వేస్తే రెండవుతాయి. వాటిని రెండవ గడిలోని రెండింటితో చేర్చితే నాలుగు. మూడవ గడిలోని నాలుగింటితో చేర్చితే ఎనిమిది. ఇట్లా చివరి వరకు రెట్టింపవుతూనే పోతుంది. కాబట్టి అరవై నాలుగు గడుల మొత్తానికి ఒకటి చేర్చితే, రెండును అరవై నాలుగు మార్లు వేసి గుణించగా వచ్చే ఫలం. దీనినే రెండు యొక్క 64వ ఘాతం అంటారు. దానిలో నుండి ఒకటి తీసివేస్తే మన సంఖ్య.

రెండవ విషయం, దీనిని గణించే సులభమార్గం. ఒక్కొక్క గడికీ రెట్టిస్తూ పోనక్కరలేదు. రెండును తనతోనే గుణిస్తే నాలుగు. నాలుగు వర్గం 16. దాని వర్గం 256. దాని వర్గం 65,536. దాని వర్గం 429,49,67,296. మరొక్కసారి వర్గం చేస్తే గమ్యం చేరినట్లే. అరవై నాలుగును సగం చేస్తూ పోతే 32, 16, 8, 4, 2, 1 అని ఆరు అడుగులు. కనుక ఆరు వర్గాలు చాలును. సగం చేయడం, వర్గం చేయడం, బేసి సంఖ్య వస్తే ఒకటి తగ్గించి రెట్టించడం అనే ఈ ఉపాయాన్ని క్రీస్తుకు పూర్వపు వాడని భావించే పింగళుడు ఛందశ్శాస్త్రంలో చెప్పాడు. ఛందస్సుకూ ఈ లెక్కకూ సంబంధమేమిటని సందేహం కలుగవచ్చు. ప్రతి అక్షరం గురువైనా కావాలి, లఘువైనా కావాలి. ఒక అక్షరానికి రెండు రూపాలు, రెండక్షరాలకు నాలుగు, మూడక్షరాలకు ఎనిమిది. విద్యార్థులు వల్లించే య, మ, త, ర, జ, భ, న, స అనే మూడక్షరాల గణాలు ఎనిమిదే కావడానికి కారణం ఇదే. అక్షరాలు పెరుగుతుంటే రూపాలు చదరంగపు గడులలో గింజల వలె రెట్టింపవుతాయి.

ఈ రూపాలన్నింటినీ వరుసగా పేర్చడాన్ని ప్రస్తారమంటారు. ఒక రూపం ఆ వరుసలో ఎన్నవదో తెలిపే విధానానికి ఉద్దిష్టమని పేరు. అక్షరాలపై వరుసగా 1, 2, 4, 8 అని వ్రాసి, లఘువులపై ఉన్న అంకెలను కూడి, ఒకటి చేర్చితే ఆ వృత్తసంఖ్య వస్తుంది. జగణానికి లఘువు, గురువు, లఘువు. అనగా 1, 4 కూడగా ఐదు, ఒకటి చేర్చగా ఆరు. కనుక ప్రస్తారంలో జగణం ఆరవది. ఇరవై ఒక్క అక్షరాల ప్రకృతి ఛందంలో 20,97,152 వృత్తాలకు అవకాశం ఉన్నది. చంపకమాల గణాలైన న, జ, భ, జ, జ, జ, రలను ఇదే విధంగా లెక్కిస్తే అది 7,11,600వ వృత్తమని తేలుతుంది. అరవై నాలుగు అక్షరాలూ లఘువులే అయిన పాదాన్ని ఊహించి ఉద్దిష్టం చేస్తే, ఒకటి చేర్చడానికి ముందు వచ్చే మొత్తం సరిగా చదరంగపు సంఖ్యే. రెట్టింపుల సంఖ్యను మోస్తున్న పద్యం కూడా రెట్టింపుల లెక్కలోనే తన స్థానాన్ని కలిగి ఉండడం విశేషం.

మూడవ ధర్మం చివరి అంకె. రెండు ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని నాలుగేసి చొప్పున తిరిగి వస్తాయి. 64 నాలుగుతో భాగింపబడుతుంది కాబట్టి 64వ ఘాతం ఆరుతో ముగుస్తుంది. ఒకటి తీసివేస్తే ఐదు. మల్లన మొదటి మాట ఐదును సూచించడం ఇందుకు సరిపోయింది. ఈ సంఖ్య ఐదుతో నిశ్శేషంగా భాగింపబడుతుందని కూడా దీనివల్ల తెలుస్తున్నది.

నాలుగవది తొమ్మిదితో పరీక్ష. ఏ సంఖ్యనైనా తొమ్మిదితో భాగిస్తే మిగిలే శేషాన్ని దాని అంకెల మొత్తం తెలుపుతుంది. రెండు ఘాతాలను తొమ్మిదితో భాగించినప్పుడు శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరేసి చొప్పున తిరుగుతాయి. 64ను ఆరుతో భాగిస్తే నాలుగు మిగులుతుంది కాబట్టి నాలుగవదైన ఏడు శేషం. ఒకటి తీసివేస్తే ఆరు. మన సంఖ్యలోని ఇరవై అంకెలను కూడితే 87. ఎనిమిది, ఏడు కలిపితే 15. ఒకటి, ఐదు కలిపితే ఆరు. రెండు దారులూ ఒకచోటికే చేరాయి. నడిమి 'శర' 'గిరి'గా మారి ఉంటే మొత్తం 89 అయ్యేది. శేషం ఎనిమిది వచ్చి దోషం బయటపడేది. అయితే రెండు మాటలు తమ చోట్లు మార్చుకొంటే అంకెల మొత్తం మారదు. తొమ్మిదికి బదులు సున్న వచ్చినా శేషం మారదు. అటువంటి చోట లెక్కను మొదటి నుండి చేసి చూడడమే శరణ్యం. అట్లా చేసి చూసినప్పుడు మల్లన పద్యంలోని ఇరవై అంకెలలో ఒక్కటి కూడా తప్పలేదు.

ఐదవ ధర్మం మిక్కిలి మనోహరమైనది. రెండు వర్గాల భేదం, ఆ రాశుల మొత్తానికీ భేదానికీ లబ్ధమని ఉన్నత పాఠశాలలోనే నేర్చుకొంటాం. ఆ సూత్రాన్ని ఇక్కడ పదే పదే ప్రయోగిస్తే ఈ మహాసంఖ్య ఆరు కారణాంకాలుగా విడిపోతుంది. అవి 3, 5, 17, 257, 65537, 4294967297. ప్రతిదీ రెండును వరుసగా వర్గం చేస్తూ ఒక్కొక్క చోట ఒకటి చేర్చగా వచ్చినదే. ఫ్రాన్సు దేశపు గణితవేత్త ఫెర్మా 17వ శతాబ్దిలో ఇట్టి సంఖ్యలన్నీ ప్రధానసంఖ్యలేనని భావించాడు. మొదటి ఐదింటి విషయంలో అది సత్యమే. కాని 1732లో ఆయిలర్ ఆరవదైన 4294967297ను 641, 6700417 అనే రెండు సంఖ్యల లబ్ధంగా విడదీసి చూపాడు. ఒక మహామేధావి ఊహను మరొకరు ఒక్క భాగహారంతో సరిదిద్దారు. ఆ విధంగా చదరంగపు సంఖ్య ఏడు భిన్నమైన ప్రధానసంఖ్యల లబ్ధం. ప్రతి ప్రధానసంఖ్యనూ తీసుకోవడమో, విడిచిపెట్టడమో చేయవచ్చు కాబట్టి దీనికి మొత్తం 128 భాజకాలున్నాయి. 128 మరల రెండు యొక్క ఏడవ ఘాతమే. గురులఘువుల న్యాయమే ఇక్కడ కూడా వర్తించింది.

నేటి కంప్యూటరుకు గురులఘువుల వలె ఒకటి, సున్న అనే రెండే గుర్తులు. అటువంటి అరవై నాలుగు స్థానాలతో ఋణసంఖ్యలు లేకుండా అది నిల్వ చేయగల పూర్ణసంఖ్యలలో అన్నింటికంటే పెద్దది 18446744073709551615. అరవై నాలుగు గడులూ ఒకట్లతో నిండినప్పుడు వచ్చే విలువ అది. దానికి మరొక ఒకటి చేర్చితే అన్ని స్థానాలూ సున్నలై లెక్క మొదటికి వస్తుంది. కాబట్టి ప్రోగ్రాము వ్రాసేవారు ఈ ఎల్లను గుర్తెరిగి మెలగవలసి ఉంటుంది.

ఇంతవరకు చెప్పినది పండితుల వినోదమని ఎవరైనా భావించవచ్చు. కాని రెట్టింపు అనే వ్యవహారం పేదవాని ఇంటి గడపలోనికి కూడా వస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరాన్ని దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కొత్తగా నాటిన పొడుగు రకం కొబ్బరి కాపునకు రావడానికి ఆరేడు సంవత్సరాలు పడుతుంది. ఆ కాలంలో ఒక రైతు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీపై లక్ష రూపాయల నోటు వ్రాశాడనుకొందాం. ప్రామిసరీ నోటుకు మూడు సంవత్సరాలకు కాలదోషం పడుతుంది. అందుచేత గడువు ముగియకముందే వడ్డీని అసలులో కలిపి నోటు తిరగవ్రాయడం వాడుక. మూడేళ్లంటే 36 నెలలు; నూటికి 108 రూపాయల వడ్డీ. మొదటి నోటు తిరగవ్రాసేసరికి లక్ష కాస్తా 2,08,000 అవుతుంది. రెండవసారి 4,32,640. అప్పటికి కొబ్బరి మొక్క తొలి గెల వేయవచ్చు, వేయకపోవచ్చు. మూడవసారి, అనగా తొమ్మిదేళ్లకు, అప్పు దాదాపు తొమ్మిది లక్షలు. వడ్డీని అసలులో కలపకుండా ఉంటే అదే తొమ్మిదేళ్లకు మొత్తం 4,24,000 మాత్రమే అయ్యేది. రెండింటి నడుమ నున్న భేదం నాలుగున్నర లక్షలకు పైన.

నోటు తిరగవ్రాయడమంటే చదరంగపు బల్లపై ఒక గడి ముందుకు జరగడమే. మొదటి మూడు నాలుగు గడులలో అది భయం గొలపదు. రాజు నవ్వినది కూడా అక్కడే. ఈ ప్రమాదాన్ని మన పూర్వులు గుర్తించారు. ధనం విషయంలో తిరిగి రాబట్టే మొత్తం అసలుకు రెట్టింపును మించరాదని మనుస్మృతి మొదలైన ధర్మశాస్త్రాలు నియమం చేశాయి. అనగా ఋణమనే చదరంగంలో రెండవ గడి దాటరాదని కట్టడి చేశాయన్నమాట. ఆ నియమం వెనుక దయ ఉన్నది. దయతో పాటు గణితం కూడా ఉన్నది.

కళింగనగరంలో శాసనం చెక్కించిన వానికి, వేంగిలో గణితం వ్రాసిన వానికి, పలాసలో పప్పును తరగతులుగా విడదీసే వారికి సంఖ్య నిత్యవ్యవహారమే. సంఖ్య ఎంత పెద్దదైనా దానిని భాగాలుగా విడదీసి, శేషం చూసి, మరొక దారిలో సరిచూసే అలవాటు కలవారిని అది భయపెట్టలేదు, మోసగించలేదు. సంతకానికి ముందు నోటుపై ఉన్న అంకెను ఒక్కసారి గుణించి చూసే నేర్పు ప్రతి ఇంట ఒకరికైనా ఉండాలి. ఆ నేర్పునకు కావలసిన గుణకారం కళాశాలకు వచ్చిన ప్రతి విద్యార్థికీ ఇదివరకే తెలిసినది.